మెషిన్ రూమ్ లేదంటే బరువు లేదని కాదు

కొత్త అపార్ట్‌మెంట్ల బ్రోషర్ ఏది తెరిచినా ఈమధ్య ఒక మాట కనిపిస్తోంది: 'మెషిన్ రూమ్ లేని అధునాతన లిఫ్ట్'. క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్ పక్కనే దాన్నీ ఒక సౌకర్యంగా వేస్తున్నారు. కొనేవాళ్లు కూడా, టెర్రస్ మీద ఆ గది లేకపోతే చూడ్డానికి బాగానే ఉంటుంది కదా అనుకుని వదిలేస్తారు. ఆ గదిలో ఉండాల్సిన మెషిన్ ఎక్కడికి పోయింది, దాని బరువు ఇప్పుడు ఎవరు మోస్తున్నారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. నేను లిఫ్ట్ ఎరెక్షన్, అంటే లిఫ్ట్‌లు బిగించే పనిలో ఉన్నవాణ్ని. సైట్లలో షాఫ్ట్‌లను, అంటే లిఫ్ట్ తిరిగే నిలువు గూళ్లను, కడుతున్న తీరు చూస్తుంటే కోపం వస్తుంది, భయమూ వేస్తుంది. అందుకే ఇంత పెద్ద పోస్టు. ఫ్లాట్ కొనబోయేవాళ్లు, సొంతంగా కట్టించుకునేవాళ్లు, ముఖ్యంగా సైట్ ఇంజనీర్లు ఓపిగ్గా చదవండి.

పాత పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. టెర్రస్ మీద చిన్న గది. దాని స్లాబ్ మీద ఇనుప బీములు, వాటి మీద గేర్ బాక్స్ ఉన్న బరువైన మెషిన్. క్యాబిన్, అందులోని మనుషులు, కౌంటర్ వెయిట్ (క్యాబిన్‌కి తూగేలా రోప్ రెండో వైపు వేలాడే బరువు), రోప్స్ అన్నీ ఆ బీములకే వేలాడేవి. ఆ బరువంతా బిల్డింగ్ కాలమ్స్ గుండా ఫౌండేషన్‌కి దిగేది. షాఫ్ట్‌లో నిలువునా ఉండే గైడ్ రైల్స్ పని వేరు. క్యాబిన్ అటూ ఇటూ ఊగకుండా దాన్ని దారిలో ఉంచడం ఒకటి, స్పీడ్ మితిమీరితే సేఫ్టీ గేర్ (క్యాబిన్‌కి ఉండే ఎమర్జెన్సీ బ్రేక్) పట్టుకుని ఆగడానికి ఆధారం ఇవ్వడం ఇంకొకటి. 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఎలిషా ఓటిస్ తాను నిలబడిన ప్లాట్‌ఫామ్ తాడును అందరి ముందూ తెంపించి, కింద పడకుండా ఆగి చూపించాడు. ఆ రోజు ప్లాట్‌ఫామ్‌ని పట్టి ఆపింది పక్కనున్న గైడ్లే. అంటే రైల్ అసలు బరువు మోసేది ఆపద సమయంలోనే. మిగతా రోజులన్నీ అది దారి చూపిస్తూ నిలబడేది.

1996లో ఫిన్లాండ్ కంపెనీ కోనె మోనోస్పేస్ పేరుతో మెషిన్ రూమ్ అవసరం లేని లిఫ్ట్ తెచ్చింది. గేర్ బాక్స్ తీసేసి, పర్మనెంట్ మాగ్నెట్లతో పళ్లెంలా పలచగా ఉండే మోటార్ చేశారు. గోడకీ, క్యాబిన్ తిరిగే దారికీ మధ్య మిగిలే సందులో అది సరిపోయింది. ఓటిస్ 2000లో ఉక్కు తీగల మీద పాలియురెథేన్ పూత వేసిన బెల్టులతో జెన్‌2 తెచ్చింది. బెల్టులకు చిన్న పుల్లీ చాలు కాబట్టి మెషిన్ ఇంకా చిన్నదైంది. ఇప్పుడు మన దగ్గర చిన్నా పెద్దా కంపెనీలన్నీ ఇలాంటివే ఇస్తున్నాయి. కొన్ని డిజైన్లలో మెషిన్‌ని షాఫ్ట్ పైభాగంలో గోడలో దిగేసిన బీముల మీద పెడతారు. చాలా డిజైన్లలో మాత్రం మెషిన్ కూర్చునే బెడ్ ప్లేట్‌ని నేరుగా గైడ్ రైల్స్ తలల మీదే కూర్చోబెడతారు, ఎక్కువగా రెండు కౌంటర్ వెయిట్ రైల్స్, ఒక క్యాబిన్ రైల్ మీద.

రైల్ మీద కూర్చోబెట్టాక లెక్క మొత్తం మారిపోతుంది. ఎనిమిది మంది ఎక్కే లిఫ్ట్ తీసుకోండి. మనిషికి 68 కిలోల చొప్పున 544 కిలోలు. క్యాబిన్ బరువు ఓ 800 కిలోలు అనుకుందాం. కౌంటర్ వెయిట్ అంటే క్యాబిన్ బరువుతో పాటు లోడ్‌లో సగం, అంటే 1,072 కిలోలు. మూడూ కలిపితే 2,416 కిలోలు. మెషిన్, బెడ్ ప్లేట్, రోప్స్ కలిపితే రెండున్నర టన్నులు దాటుతుంది. రోప్ చివర్లు కూడా పైన రైల్స్‌కే బిగించే డిజైన్ అయితే ఈ బరువంతా ఆ మూడు రైల్స్ మీదే. క్యాబిన్ బయల్దేరినప్పుడు, ఆగినప్పుడు పడే అదనపు లోడ్ దీనిలో కలపలేదు. సేఫ్టీ గేర్ పట్టిందంటే క్యాబిన్ రైల్స్ మీద ఆ క్షణంలో పడే తోపుడు లోడుతో ఉన్న క్యాబిన్ బరువుకు రెట్టింపు దాకా, కొన్ని రకాల సేఫ్టీ గేర్లలో అంతకన్నా ఎక్కువ కూడా పోవచ్చు. ఒకప్పుడు ఆపదలో మాత్రమే మోసిన రైల్ ఇప్పుడు రాత్రీ పగలూ మోస్తోంది. ఆ బరువంతా నిలువుగా దిగి పిట్‌లో, అంటే షాఫ్ట్ అడుగున ఉండే గుంటలో, రైల్ అడుగున ఉన్న చిన్న ప్లేట్ మీదికి చేరుతోంది.

అంటే రైల్ ఇప్పుడొక కాలమ్. 89 మిల్లీమీటర్ల వెడల్పుండే టీ ఆకారపు ఉక్కు ముక్కలు, ఒక్కోటి ఐదు మీటర్లు, అరవై కిలోల పైమాటే. వాటిని ఫిష్ ప్లేట్లతో (రెండు ముక్కల్ని కలిపే ఇనుప పట్టీలు), జాయింట్‌కి ఎనిమిది బోల్టులతో ఒకదాని మీద ఒకటి నిలబెట్టుకుంటూ పోతే అంత సన్నటి కాలమ్ తన కాళ్ల మీద తాను నిలబడదు, వంగిపోతుంది. పందిరి రాటకు అడ్డకర్రలు కట్టినట్టు దాన్ని మధ్య మధ్యలో గోడకు పట్టి ఉంచేవి బ్రాకెట్లు. రెండు బ్రాకెట్ల మధ్య దూరం రెట్టింపైతే, వంగకుండా నిలబడే శక్తి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లందరూ పరీక్షలో రాసిన ఆయిలర్ సూత్రమే ఇది. కాబట్టి వరసలో ఒక్క బ్రాకెట్ పట్టు తప్పినా ఆ ఒక్క చోటుతో పోదు.

నా అసలు బాధ ఈ బ్రాకెట్ల గురించే. ఒకప్పుడు లిఫ్ట్ గోడ అంటే కాంక్రీటో, గట్టి ఎర్ర ఇటుకో ఉండేది. ఇప్పుడు హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు వెళ్లి చూడండి, చాలా సైట్లలో నాలుగు మూలలా కాలమ్స్ వేసి మధ్యలో లైట్ వెయిట్ బ్లాకులతో షాఫ్ట్ మూసేస్తున్నారు. ఆ బ్లాకులో యాంకర్ ఫాస్టనర్‌కి (బ్రాకెట్‌ని గోడకు పట్టే బోల్టు) పట్టు ఉండదు. డ్రిల్ పెట్టగానే చేతికే తెలిసిపోతుంది. కాంక్రీట్ అయితే డ్రిల్ ఎదురు తన్నుతుంది, బూడిద రంగు పొడి కొంచెం కొంచెంగా రాలుతుంది. బ్లాక్ అయితే బిట్ ఒక్కసారిగా లోపలికి దిగిపోతుంది, తెల్లటి పొడి బుసబుసా పడుతుంది. తర్వాత నట్ బిగిస్తుంటే స్పానర్‌కి బిగువు తగలదు. ఫాస్టనర్ అలా తిరుగుతూనే ఉంటుంది.

అందుకే లిఫ్ట్ కంపెనీ డ్రాయింగ్‌లో బ్రాకెట్ వచ్చే ప్రతి ఎత్తులోనూ కాంక్రీట్ బ్యాండ్ వేయమని ముందే చూపిస్తారు. సాధారణంగా రెండు, రెండున్నర మీటర్లకొకటి వస్తుంది. అంతస్తు దగ్గర స్లాబ్ బీమ్ ఎలాగూ ఉంటుంది, మధ్యలో ఇంకో బ్యాండ్ వేస్తే పని అయిపోతుంది. ఆ మధ్య బ్యాండే ఎగిరిపోతుంది. అడిగితే వచ్చే జవాబు ఇదే: "అన్నా, ఏం కాదు, కొంచెం పొడుగు ఫాస్టనర్ కొట్టెయ్. ఇప్పుడు గోడ పగలగొడితే షెడ్యూల్ పోతుంది." పొడుగు ఫాస్టనర్ వేస్తే బ్లాక్ కాంక్రీట్ అయిపోతుందా సార్? ఒక అంతస్తుకు ఆ బ్యాండ్‌కి పట్టే సిమెంట్, స్టీల్ ఎంత? లాబీ గోడకు వేసే ఇటాలియన్ మార్బుల్‌లో ఒక మూలకు పెట్టే ఖర్చు కూడా కాదు. కనపడే దానికి లక్షలు పెట్టి, మనుషుల ప్రాణాలు ఆధారపడే దాని దగ్గర బస్తాలు లెక్కపెడతారు.

దీనికి తోడు షాఫ్ట్ తూకం, అంటే గోడలు నిట్టనిలువుగా ఉన్నాయా లేదా అన్నది. ఎరెక్షన్ మొదలయ్యేది పైన టెంప్లేట్ అనే కొలత చట్రం బిగించి, దాని నుంచి పిట్ దాకా సన్నటి ప్లంబ్ వైర్లు వేలాడదీయడంతో. కింద గుండ్లు ఊగకుండా ఆయిల్ బకెట్‌లో ముంచుతాం. వైర్ కదలకుండా నిలబడ్డాక ప్రతి అంతస్తులో వైర్‌కీ గోడకీ మధ్య దూరం కొలుస్తాం. సివిల్ వాళ్లు 'పర్ఫెక్ట్ ప్లంబ్' అని అప్పగించిన షాఫ్ట్ నిజ స్వరూపం అప్పుడు బయటపడుతుంది. ఒక అంతస్తులో స్లాబ్ అంచు లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని పైదాంట్లో గోడ వెనక్కి పోయి ఉంటుంది. రైల్స్ మధ్య దూరం మాత్రం పిట్ నుంచి పైదాకా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా కూడా లేకుండా రావాలి. గోడ తప్పును బ్రాకెట్ పొడుగు పెంచి సర్దాల్సి వస్తుంది. బ్రాకెట్ ఎంత పొడుగైతే ఫాస్టనర్ మీద పీకుడు అంత పెరుగుతుంది. అది కూడా బ్లాక్‌లోనే ఉంటే ఇక చెప్పేదేముంది?

ఇంకో విషయం చాలామంది లిఫ్ట్ వాళ్లు కూడా పట్టించుకోరు. కాంక్రీట్ బిల్డింగ్ కట్టాక కొన్నేళ్ల పాటు ఎత్తు తగ్గుతూ ఉంటుంది. కాంక్రీట్ ఆరుతూ కుదించుకుపోతుంది, పైనుంచి పడే బరువుకు నెమ్మదిగా నలుగుతుంది. అంతస్తుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున లెక్కేసినా పదిహేను అంతస్తులకు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఉక్కు రైల్ అలా తగ్గదు. గోడ కిందికి దిగుతుంటే బ్రాకెట్ రైల్‌ని కూడా కిందికి లాగుతుంది. రైల్‌కి కింద పిట్ అడ్డం, పైన మెషిన్ బరువు. ఇక అది పక్కకి విల్లులా వంగుతుంది. అందుకే రైల్‌ని బ్రాకెట్‌కి పట్టే క్లిప్పులు స్లైడింగ్ రకం వాడాలి. అవి రైల్‌ని పక్కకి కదలనివ్వవు, నిలువుగా మాత్రం జారనిస్తాయి. కొన్ని సైట్లలో ఆ క్లిప్పులకు బదులు చేతికి దొరికినవి వేసి గట్టిగా బిగించేస్తారు. ఇంకొన్ని చోట్ల రైల్‌ని బ్రాకెట్‌కి ఏకంగా వెల్డింగ్ చేసేస్తారు. కొత్తలో లిఫ్ట్ బాగానే నడుస్తుంది. రెండు మూడేళ్ల తర్వాత ఏదో ఒక అంతస్తు దగ్గర క్యాబిన్ వణకడం మొదలవుతుంది. అసోసియేషన్ వాళ్లు మెయింటెనెన్స్ వాళ్లను తిడతారు, వాళ్లు వచ్చి గైడ్ షూలు (క్యాబిన్‌కి ఉండి రైల్ మీద జారే భాగాలు) మార్చి పోతారు. వంకర రైల్‌లో ఉంటే షూ ఏం చేస్తుంది?

ఇక పిట్. మెషిన్ బరువు దిగేది అక్కడే అని చెప్పుకున్నాం కదా. మన సైట్లలో పిట్ అంటే చెత్త గుంట. ప్లాస్టరింగ్‌లో రాలిన సిమెంట్, విరిగిన బ్లాకులు, టీ కప్పులు అన్నీ అందులోకే. వర్షాకాలం వస్తే సెల్లార్ నీళ్లు కూడా. వాటర్ ప్రూఫింగ్ సరిగ్గా చేయని పిట్‌లో నీళ్లు నెలల తరబడి నిలుస్తాయి, రైల్ అడుగు, బఫర్ (క్యాబిన్ మరీ కిందికొస్తే ఆపే స్ప్రింగ్ లాంటిది) స్టాండ్ తుప్పు పట్టిపోతాయి. రెండున్నర టన్నులు మోసే కాలమ్ కాళ్లు నీళ్లలో నానుతుంటే మీరు హాయిగా పైకి వెళ్లొస్తున్నారు. ఇంకా ఘోరం ఏమిటంటే, రెండో సెల్లార్ దాకా లిఫ్ట్ దిగని చోట పిట్ కిందే పార్కింగ్ వదులుతారు, లేదా వాచ్‌మన్ గది కట్టేస్తారు. పిట్ కింద మనుషులు తిరిగే చోటు ఉందంటే కౌంటర్ వెయిట్‌కి కూడా సేఫ్టీ గేర్ పెట్టాలి. పిట్ స్లాబ్ ఆ లోడ్‌కి తగ్గట్టు డిజైన్ చేసి ఉండాలి. మామూలు పార్కింగ్ స్లాబ్ మందమే అక్కడా పోసేస్తే ఒప్పుకోకండి.

వేడి సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. మెషిన్ ఇప్పుడు టెర్రస్ స్లాబ్ కిందే ఉంటుంది. మే నెలలో మన ఎండలకు ఆ పైభాగం ఎంత ఉడుకుతుందో పైకెక్కి పనిచేసేవాళ్లకు తెలుసు. లిఫ్ట్ పరికరాలను సాధారణంగా 40 డిగ్రీల వరకు డిజైన్ చేస్తారు. షాఫ్ట్ పైన గాలి పోయే కంత వదలమంటే, వాన లోపలికి కొడుతుందని ఇటుకలు పెట్టి మూసేస్తారు. లూవర్లు (ఏటవాలు పలకల కిటికీ) పెట్టించండి, వానా రాదు, వేడీ పోతుంది.

ఇంత చెప్పానని మళ్లీ మెషిన్ రూమే కట్టండి అనడం లేదు. రైల్స్ మీద మెషిన్ పెట్టే ఆలోచన నాకు నిజంగా నచ్చుతుంది. లిఫ్ట్ లేని పాత నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు మన ఊళ్లలో ఎన్ని లేవు? వాటి కాలమ్స్ మీద కొత్తగా టన్నుల బరువు పెట్టలేం. బిల్డింగ్ పక్కన స్టీల్ ఫ్రేమ్ నిలబెట్టి, రైల్స్ ద్వారా బరువును నేరుగా కిందికి దించితే పాత స్లాబ్‌ని తాకకుండా లిఫ్ట్ పెట్టొచ్చు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ఇంట్లోనే ఉండిపోయిన పెద్దవాళ్లు లిఫ్ట్ వచ్చాక గుడికీ, మార్కెట్‌కీ వెళ్లడం చూస్తుంటే ఈ పని చేస్తున్నందుకు గర్వంగా ఉంటుంది. గేర్ బాక్స్ లేదు కాబట్టి కరెంటు కూడా ఆదా. డిజైన్ మంచిదే. అది షాఫ్ట్ నుంచి ఎక్కువ కోరుతుంది, మనం షాఫ్ట్‌కి ఇచ్చేది తగ్గిస్తున్నాం. గొడవంతా అక్కడే.

మా కుర్రాళ్ల గురించి కూడా ఆలోచించండి. మెషిన్‌ని పైకి లేపాలంటే షాఫ్ట్ పై స్లాబ్‌లో హుక్ ఉండాలి. స్లాబ్ పోసేటప్పుడే స్టీల్‌తో కలిపి కట్టి, ఎంత బరువుకో దాని పక్కన రాయాలి. మర్చిపోయి తర్వాత డ్రిల్ చేసి ఏదో ఒక హుక్ తగిలిస్తే, దానికే చైన్ బ్లాక్ వేసి మెషిన్ ఎత్తమంటారు. ఆ మెషిన్ కింద షాఫ్ట్‌లో మనుషులుంటారు. తర్వాత సర్వీస్ కోసం వచ్చేవాళ్లు కూడా గదిలో నేల మీద నిలబడి కాదు, క్యాబిన్ నెత్తిన నిలబడి పనిచేయాలి. బ్రేక్ విప్పే ముందు క్యాబిన్‌ని రైల్‌కి లాక్ చేసే పరికరం ఉంటుంది. హడావిడిలో అది వేయకుండా పని మొదలుపెట్టమని ఎవరూ తొందరపెట్టకూడదు. "పది నిమిషాల్లో లిఫ్ట్ నడవాలి" అని గ్రూపులో మెసేజ్‌లు పెట్టే అసోసియేషన్ వాళ్లకు దండం పెట్టి చెబుతున్నా, ఆ లాక్ వేసే టైమ్ సర్వీస్ వాళ్లకివ్వండి.

కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. లిఫ్ట్ కంపెనీ బిల్డర్‌కి ఇచ్చే లేఅవుట్ డ్రాయింగ్ చూపించమనండి. అందులో పిట్ మీద ఏ రైల్ అడుగున ఎంత లోడ్ దిగుతుందో కిలోన్యూటన్లలో పట్టికగా రాసి ఉంటుంది. ఏ ఎత్తులో బ్రాకెట్ వస్తుందో, ఎక్కడ కాంక్రీట్ కావాలో, హుక్ ఎక్కడో అన్నీ ఉంటాయి. ఆ షీట్ బిల్డింగ్ స్ట్రక్చరల్ ఇంజనీర్ చూశాడా, సంతకం పెట్టాడా అని అడగండి. షాఫ్ట్ గోడలకు ప్లాస్టర్ వేయకముందే, టార్చ్ పట్టుకుని ఒకసారి లోపలికి చూడండి, బ్రాకెట్ వచ్చే ప్రతి చోటా బ్లాక్ ఉందో కాంక్రీట్ ఉందో. డోర్ ఫ్రేమ్ బిగించాక మీకు అది కనపడదు, మళ్లీ సరిచేయాలంటే రైల్స్ మొత్తం విప్పాలి.