ఆటోమేటిక్ సరే, ఏ ఆటోమేటిక్?

"ఆటోమేటిక్ జోలికి పోబాక నా. గేర్‌బాక్సు పోయిందంటే కారు రేటులో సగం దానికే పెట్టాల. మాన్యువల్ తీసుకో, దిగులుండదు."

సెకండ్ హ్యాండ్‌లో పెద్ద కారు కొనాలనుకున్న వాళ్లకు నెల్లూరులోనైనా, ఒంగోలులోనైనా మొదట వినపడే సలహా ఇది. చెప్పేవాళ్లు మన మంచి కోరే చెబుతారు. కానీ ఈ మాటను ఇవాళ్టి కార్లకు అలాగే అన్వయిస్తే దెబ్బ తినేది కొనేవాళ్లే. మా ఇంట్లోనే చూశాను.

మా మామయ్యకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. మూడేళ్ల కిందట ఆ సలహా విని, ఆటోమేటిక్ కంటే కాస్త ఎక్కువే పెట్టి ఒక మాన్యువల్ డీజిల్ సెడాన్ కొన్నాడు. ఇంట్లో నలుగురు నడిపేవాళ్లు. డ్రైవర్‌కు ఎడమ కాలు క్లచ్ మీద నుంచి తీసే అలవాటు లేదు. గుంటల గట్ల మీద హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగం తొక్కిపట్టి, ముందుకీ వెనక్కీ తిప్పడం రోజూ ఉండే పనే. ఎనిమిది నెలలు గడిచాయో లేదో, హైవే మీద ఐదో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు లేస్తోంది, వేగం మాత్రం పెరగడం లేదు. గేర్‌బాక్సు దించినప్పుడు నేనక్కడే ఉన్నాను. క్లచ్ ప్లేటు అంచు అరిగి రివెట్లు తేలాయి. మెకానిక్ ఫ్లైవీల్‌ని (ఇంజిన్ వెనక, క్లచ్ బిగించే బరువైన చక్రం) రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. లోపల టకటకమంది.

"ఇది రెండు పలకల ఫ్లైవీల్ సార్, మధ్యలో స్ప్రింగులుంటాయి. అవి పోయినాయి. క్లచ్ ఒక్కటే మార్చి బిగిస్తే రెండు నెలలకు మళ్లీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు. బిల్లు లక్ష దాటింది. "మాన్యువల్‌కి కూడా ఇంత అవుద్దంటే ముందే చెప్పకూడదా అబ్బయా" అని మామయ్య నన్నడిగాడు. అప్పటికి నాకూ తెలియదు.

పెద్ద డీజిల్ ఇంజిన్ల ఊపును, అదురును తట్టుకోవడానికి ఇలాంటి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ పెడతారు. మాన్యువల్ అంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, ఒక బేరింగుతో పోయే ఖర్చు అనుకోవడం చిన్న కార్ల లెక్క. మన జిల్లాల్లో అందరికీ మోజున్న ఫార్చ్యూనర్‌నే చూడండి. 2016లో వచ్చిన 2.8 డీజిల్‌కు మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇచ్చారు, ఆటోమేటిక్‌లో 450. 2021లో ఆటోమేటిక్‌ను 500కు పెంచారు. మాన్యువల్ 420 దగ్గరే ఉండిపోయింది. ఒకే ఇంజిన్ శక్తిని కంపెనీ ఏ గేర్‌బాక్సుకు ఎక్కువ అప్పగించిందో ఈ అంకెల్లోనే ఉంది.

అయితే ఆటోమేటిక్ కొనేయొచ్చా? అక్కడే అసలు చిక్కు. ఆటోమేటిక్ అనే ఒక్క మాట కింద వేర్వేరు యంత్రాలున్నాయి. వాటి జబ్బులు వేరు, ఆయుష్షు వేరు.

పాత పద్ధతి టార్క్ కన్వర్టర్. ఇంజిన్ శక్తి ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందుతుంది కాబట్టి, కారు మెల్లగా పాకుతున్నప్పుడు జారుడంతా ఆయిల్‌లోనే జరుగుతుంది. ఫార్చ్యూనర్, ఎండీవర్ ఆటోమేటిక్‌లు ఈ కోవలోవి. 2012 నుంచి వచ్చిన బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లోని ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ కూడా ఇదే. దాని ఆయిల్ మార్చక్కర్లేదని కారు కంపెనీ చెప్పినా, గేర్‌బాక్సు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను గేర్‌బాక్సు చేసినవాడి మాటే వింటాను.

రెండోది డ్యూయల్ క్లచ్. బేసి గేర్లకో క్లచ్, సరి గేర్లకో క్లచ్. డ్రైవర్ కాలు చేసే పనిని కంప్యూటర్, హైడ్రాలిక్స్ చేస్తాయి. ఇందులోనూ రెండు రకాలు. ఆయిల్‌లో మునిగి ఉండే తడి క్లచ్‌లు, ఆయిల్ తగలని పొడి క్లచ్‌లు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో డ్యూయల్ క్లచ్‌ను డీఎస్‌జీ అంటారు. 2013లో వచ్చిన స్కోడా ఆక్టేవియాలో 1.8 పెట్రోల్‌కు ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ, డీజిల్ ఆటోమేటిక్‌కు ఆరు గేర్ల తడి క్లచ్ డీఎస్‌జీ పెట్టారు. బయట రెంటికీ అదే పేరు, లోపల ఒకదానికొకటి పోలిక లేదు. తడి క్లచ్ దానికి 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. పొడి క్లచ్ దానికి ట్రాఫిక్‌లో పాకడం శత్రువు. అలా పాకేటప్పుడు అది హాఫ్ క్లచ్‌లోనే ఉంటుంది, వేడిని తీసుకుపోయే ఆయిల్ ఉండదు. ఈ ఏడు గేర్ల రకం గేర్‌బాక్సుల లోపాల వల్లే 2013 మార్చిలో ఫోక్స్‌వ్యాగన్ చైనాలో 3.84 లక్షల కార్లను వెనక్కి పిలిచింది.

మూడోది సీవీటీ. గేర్లుండవు, పుల్లీల మీద బెల్టో చైనో తిరుగుతుంది. 2008 నాటి తరం ఆడి ఏ4 డీజిల్‌లోని మల్టీట్రానిక్ ఇదే. ఈ కార్లు ఇప్పుడు కొత్త చిన్న కారు రేటుకే దొరుకుతున్నాయి. చౌకగా ఎందుకు వస్తుందో అర్థం కాకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

జర్మన్ కార్లు చాలావరకు ఆటోమేటిక్‌గానే అమ్మారు కాబట్టి, వాటిలో మాన్యువలా ఆటోమేటిక్కా అని ఎంచుకునే అవకాశం దాదాపు లేదు. ఆ ఎంపిక మిగిలేది ఫార్చ్యూనర్, ఎండీవర్, సూపర్బ్, ఆక్టేవియా లాంటివాటిలోనే.

ఇక మీటరు రీడింగు సంగతి. మనవాళ్లు పెద్ద కార్ల కోసం ఎక్కువగా చెన్నై, బెంగళూరు చూస్తారు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ), 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక అక్కడి కార్లూ దక్షిణాదికి వస్తున్నాయి. "40 వేలే తిరిగింది సార్" అంటే మన మొహం వెలుగుతుంది. ఆ 40 వేలు బెంగళూరు ట్రాఫిక్‌లో ఒక్కో మీటరూ పాకుతూ తిరిగినవైతే, నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు టాప్ గేరులో పోయివచ్చిన లక్ష కిలోమీటర్ల కారు గేర్‌బాక్సే ఆరోగ్యంగా ఉండొచ్చు. డ్యూయల్ క్లచ్ విషయంలో నేను మీటరు కంటే ముందు ఏ ఊళ్లో తిరిగిందని అడుగుతాను. (వేరే రాష్ట్రం కారైతే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలి, ఏడాది దాటి ఇక్కడ ఉంచుకుంటే మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. ఆ లెక్క బేరానికి ముందే వేసుకోండి.)

నా మటుకు నాకు తేలింది ఇది. ఇంట్లో నలుగురు నడిపే కారైనా, డ్రైవర్లు మారుతుండే కారైనా, ఆయిల్ మార్చిన బిల్లులున్న టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ తీసుకోండి. ఒక్కరే నడుపుతారు, క్లచ్ మీద కాలు పెట్టి ఉంచే అలవాటు లేదు, కావలి, ఒంగోలు మీదుగా ఎన్‌హెచ్ 16 మీదే తిరుగుడు అంటే మాన్యువల్ హాయి. బేరంలో మాత్రం క్లచ్, ఫ్లైవీల్ ఖర్చు తగ్గించి అడగండి. పొడి క్లచ్ డీఎస్‌జీ రిపేరు కాగితాల్లేకుండా ఎంత తక్కువకొచ్చినా నేను ముట్టుకోను. ఆ గేర్‌బాక్సును విప్పి కట్టగలవాళ్ల కోసం చెన్నై దాకా పోవాల్సి వస్తే, కారును లారీ మీద ఎక్కించి పంపే ఖర్చూ, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూపూ మనవే.

ఇంకొక్కటి, నన్ను నిజంగా భయపెట్టేది నీళ్లు. చెన్నై 2015 డిసెంబరులో మునిగింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ మునిగింది. 2021 నవంబరులో పెన్నా పొంగి మన ఊళ్లే మునిగాయి. మునిగిన కారుకు సీట్లు మారుస్తారు, కార్పెట్ ఉతుకుతారు, సెంటు కొడతారు. గేర్‌బాక్సులోకి పోయిన నీళ్లను ఎవరూ పట్టించుకోరు. చాలా ఆటోమేటిక్‌లకు డిప్‌స్టిక్ ఉండదు కాబట్టి, కారును లిఫ్ట్ ఎక్కించి ప్లగ్ విప్పించి నాలుగు చుక్కలు తెల్లకాగితం మీద వేయించండి. మాడు వాసన వచ్చే నల్లటి ఆయిలైతే క్లచ్‌లు కాలుతున్నాయి. స్ట్రాబెర్రీ పాలలా చిక్కగా, గులాబీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ప్లగ్ విప్పడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ కారును అక్కడే వదిలేసి రండి.