మీట్స్ అన్నందుకు నవ్వారు

మొన్న ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగువాళ్ళ దీపావళి వేడుకల్లో కోలాటం అయిపోయింది. పిల్లలు ఇంకా స్టేజి దిగనేలేదు, ‘ప్రతిభా పురస్కారాలు’ మొదలుపెట్టేశారు. రాష్ట్రం ఏటా స్కూలు పిల్లలకు పెట్టే స్టార్ పరీక్షలో అన్నిటికన్నా పైదైన మాస్టర్స్ స్థాయి తెచ్చుకున్న మిడిల్ స్కూల్ పిల్లల ఫొటోలు, పక్కనే వాళ్ళ స్కోర్లు, ఎల్ఈడీ తెర మీద వరసగా వస్తున్నాయి. పిలిచినవాళ్ళు వెళ్ళి జ్ఞాపిక తీసుకుని ఫొటో దిగుతున్నారు. మధ్యలో ఎవరో పిల్లాడు రావడం ఆలస్యమైంది. మైకు చేతిలో ఉన్న పెద్దమనిషికి ఖాళీ అంటే గిట్టదు కదా, కోలాటం పిల్లల దగ్గరికి వెళ్ళి మా అమ్మాయి ముందు మైకు పెట్టారు. ‘నీకేం వచ్చిందమ్మా మ్యాథ్స్‌లో?’ ‘మీట్స్, అంకుల్.’ ‘మీట్సేనా! పర్లేదులే, ఈసారి గట్టిగా కొట్టాలి.’ హాలంతా నవ్వింది. కర్రలు రెండూ వీపు వెనక దాచుకుని అదీ నవ్వింది. పదమూడేళ్ళ పిల్ల అంతమంది ముందు ఇంకేం చేస్తుంది?

ఆయన మీద నాకు కోపం లేదు. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు నిలబడే మనిషి ఆయన. నా గొడవంతా ఆ కార్యక్రమంతోనే.

ముందు ఆ నవ్వు సంగతి. స్టార్ ఫలితాల్లో డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని నాలుగు మెట్లు. అప్రోచెస్ వస్తేనే పాస్ కింద లెక్క. మీట్స్ వచ్చిందంటే ఆ తరగతికి రావలసిన చదువు వచ్చినట్టేనని రాష్ట్రమే చెబుతోంది. ఈమధ్య ఏళ్ళలో ఏడో తరగతి మ్యాథ్స్ పరీక్ష రాసినవాళ్ళలో ఆ మెట్టు ఎక్కినవాళ్ళు టెక్సస్ మొత్తం మీద సగం కూడా లేరు. మన హాల్లో మాత్రం అది నవ్వులాట అయింది. ఇదే సభలో ఇంకో బాబుకి మ్యాప్ అనే కంప్యూటర్ పరీక్షలో 99 పర్సంటైల్, అంటే నూటికి తొంభై తొమ్మిది మంది పిల్లల కన్నా ముందున్నాడని వస్తే ‘వందకు తొంభై తొమ్మిది మార్కులు’ అని చదివారు. మ్యాప్‌లో సరిగ్గా చెప్పేకొద్దీ కంప్యూటర్ ఇంకా కష్టమైన ప్రశ్న ఇస్తుంది, ఎంత తెలివైన పిల్లాడైనా దాదాపు సగం తప్పులే చేస్తాడు. పక్కన కూర్చున్న తల్లి ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందని కొడుకుని అడిగిందో లేదో నాకు తెలీదు, అడిగే ఉంటుంది.

పరీక్షలే వద్దనే మనిషిని కాను. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్ష పెట్టాలని ఫెడరల్ చట్టం పట్టుబట్టబట్టే, ఏ స్కూలు ఏ పిల్లల్ని గాలికొదిలేసిందో బయటపడుతోంది. 2023లో టెక్సస్ ఇంకో మంచి చట్టం చేసింది. ఐదో తరగతి మ్యాథ్స్‌లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని, తల్లిదండ్రులు వద్దంటే తప్ప, ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేయాల్సిందే. ఇదివరకు టీచర్ సిఫార్సు కావాలి, లేదా మనలాగా ఈమెయిల్ మీద ఈమెయిల్ కొట్టే తల్లిదండ్రులుండాలి. ఆ స్కోరు ఒక పేదింటి పిల్లకి తలుపు తీస్తుంటే నేనెందుకు కాదంటాను? ఇల్లు కొనేటప్పుడు కిచెన్ కన్నా ముందు స్కూల్ రేటింగ్ చూసినవాణ్ణే నేనూ.

కానీ స్కూలు స్కోరు వేరు, పిల్ల స్కోరు వేరు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఒక పిల్ల స్కోరు స్కూలు బయటపెట్టకూడదని 1974 నుంచీ ఈ దేశంలో ఫెర్పా చట్టం ఉంది. ఈ పురస్కారాల కోసం మనమే ఫారం నింపి ఇచ్చుకుంటే చట్టం అడ్డు రాదు, నిజమే. అడ్డు రానివన్నీ స్టేజి ఎక్కించాలా?

‘మన దగ్గర ఇదంతా మామూలేగా’ అన్నారు భోజనాల దగ్గర ఒకాయన. మన దగ్గర అంటే ఎక్కడ? టీవీలో ఒకటి, ఒకటి, రెండు అని ర్యాంకులు అరిచే ప్రకటనలు చూసి చూసి, పదో తరగతి ర్యాంకుల ప్రచారాన్ని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే నిషేధించింది. అక్కడ వద్దనుకున్నదాన్ని ఇక్కడ హాలు అద్దెకు తీసుకుని మరీ చేస్తున్నాం. ఇంకాస్త వెనక్కి వెళ్తే, మా రోజుల్లో పేపర్లో పేర్లుండేవి కావు, హాల్‌టికెట్ నంబర్లే. మా నాన్న నా నంబరు కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, ఆ కాగితం బీరువాలో చీరల కింద పెట్టుకున్నారు. ఎవరికీ చూపించలేదు. నంబరు లేని పిల్లాడి ఇంటికి సాయంత్రం వెళ్ళి, వాళ్ళ నాన్నతో వానల గురించి మాట్లాడి వచ్చారు. ఊరంతా అలాగే ఉండేదని అనను. ఫెయిలైన పిల్లల్ని ఈడ్చి కొట్టిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

ఇంకో సంగతి. 2027-28 నుంచి స్టార్ ఉండదు. దాని బదులు ఏడాదికి మూడు చిన్న పరీక్షలొస్తాయి. మరి ఉగాదికొకటి, దసరాకొకటి, దీపావళికొకటి చొప్పున మూడు సన్మానాలు పెడతారా?

జనవరిలో కొత్త కార్యవర్గం బాధ్యతలు తీసుకుంటోంది. వాళ్ళకు నా విన్నపం ఇది. వాట్సాప్‌లో పంపే ఆ నామినేషన్ ఫారంలో స్కోరు గడి తీసేయండి. ఎనిమిదో తరగతి దాటి హైస్కూలుకి వెళ్తున్న మన పిల్లలందర్నీ వరసగా పేరుపేరునా పిలవండి. స్కోరు చెప్పకండి, అడగకండి. జ్ఞాపికలు ఎక్కువై బడ్జెట్ చాలదంటే నా వంతు నేనిస్తాను, ఇంకో నలుగురు దాతల్ని కూడా పట్టుకొస్తాను. కార్యక్రమం ఓ అరగంట పొడుగవుతుంది, అంతే. ఎలాగూ మనం టైముకి మొదలుపెట్టిన సభ ఒక్కటీ లేదు.