అత్తయ్య ముందే చెప్పింది

గిటార్లు నిలబెట్టే స్టాండు బజార్లో దొరకదా అంటే దొరుకుతుంది. ఐదు గిటార్లు పట్టే ఇనప స్టాండు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే రెండ్రోజుల్లో మల్కాజ్‌గిరి వచ్చి వాలుతుంది. కానీ మా బావ ఆ ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి చూసి, "ఇందులో ఏముందిరా, నాలుగు పైపులు, నాలుగు స్పాంజులు, మనమే చేసేద్దాం" అన్నాడు. ఆ 'మనమే'లో నేనూ ఉన్నానని మర్నాడు పొద్దున రాణిగంజ్ నుంచి పది అడుగుల ప్లాస్టిక్ పైపులు పట్టుకుని ఆయన స్కూటర్ వెనక కూర్చున్నప్పుడు అర్థమైంది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ముందున్న ఆటోవాడు వెనక్కి తిరిగి పైపు కొసని చేత్తో పక్కకి నెట్టేవాడు.

గిటార్ల సంగతి చెప్పలేదు కదూ. మేనల్లుడివి రెండు, ఒక ఎలక్ట్రిక్, ఒక బేస్. బావ కాలేజీ రోజుల నాటి గివ్సన్ కంపెనీ గిటార్ ఒకటి, దాని మీద ఆయనకి వచ్చింది ఒకే పాట, అందులోనూ మొదటి ముక్క. నాదొకటి, నా గదిలో చోటు లేక వాళ్ళింట్లో పడేశాను. అన్నీ బీరువా పక్కన, తలుపు వెనక, సోఫా మీద, ఎక్కడ పడితే అక్కడ ఆనించి ఉండేవి. తలుపు తీసినప్పుడల్లా బేస్ 'ధుమ్' మనేది, బయట కొరియర్ అబ్బాయి ఒక అడుగు వెనక్కేసేవాడు.

బావ ఏ పని మొదలుపెట్టినా ముందు చదువుతాడు, అసలు టెన్షన్ అక్కడే. అకౌస్టిక్ గిటార్ పొట్ట మందం నాలుగున్నర అయిదు అంగుళాలుంటుంది, ఎలక్ట్రిక్‌ది రెండు కూడా ఉండదు, కాబట్టి అన్నిటికీ ఒకే ఎడం పెట్టకూడదని ఆయన వేసిన లెక్క సరైనదే, కాదనను. కానీ కొన్ని ఖరీదైన గిటార్లకి నైట్రోసెల్యులోజ్ అనే రకం పూత ఉంటుందనీ, రబ్బరూ ఫోమూ చాలాకాలం తగిలి ఉంటే ఆ పూత మెత్తబడి అంటుకుపోతుందనీ కూడా చదివాడు. మన నాలుగింటిలో ఒక్కదానికీ ఆ పూత లేదు బావా, అన్నీ పాలీ అనే ప్లాస్టిక్ రకం పూతవే, ఏమీ కాదు అంటే వింటేనా. ఏసీ పైపులకి తొడిగే నల్ల స్పాంజ్ గొట్టం తెచ్చి, దాని మీద మెత్తటి కాటన్ బట్ట ఉండాలని వాళ్ళమ్మగారి నారాయణపేట చీర చింపి చుట్టాడు. పాతదేనట. అత్తయ్య లెక్కలో ఆ చీర ఇంకా పాతబడలేదు.

ఇక అతికించే ఘట్టం. పైపులకి రాసే సొల్యూషన్ మామూలు జిగురులాంటిది కాదు, ప్లాస్టిక్ పైపొరనే కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది. ఎల్బోలోకి, అంటే మూల తిరిగే జాయింటులోకి, పైపు తోశాక తిప్పుకోవడానికి కొద్ది సెకన్లే టైము, ఆ తర్వాత వంకర వచ్చిందంటే అది శాశ్వతం. మాకు శాశ్వతంగా ఒక కాలు గాల్లో ఉండిపోయింది, దాని కింద ఎవరిదో పెళ్లి శుభలేఖ మడిచి పెట్టాం. ఆ దెబ్బకి బావ జడిసి, కింద 'T' ఆకారంలో ఉండే రెండు టీ జాయింట్లకి మాత్రం సొల్యూషన్ రాయకుండా ఊరికే బిగించి, "ఇల్లు మారితే విడదీసుకోవడానికి వీలుగా ఉంటుంది" అన్నాడు.

"సొంతిల్లు కదండీ మనది" అంది అక్క.

నిలువు పైపులు నిలబడేది సరిగ్గా ఆ రెండు టీల మీదే. గిటార్ల బరువంతా వెనక్కి ఆనేది ఆ నిలువు పైపులకే.

స్టాండుని హాల్లో బాల్కనీ కర్టెన్ ముందు పెట్టారు. గోడ వైపు అక్క చోటివ్వలేదు. ఎదురుగా అత్తయ్య కూర్చుని సీరియల్ చూసుకుంటోంది. ఆవిడకి ఈమధ్యే కంటి శుక్లాల ఆపరేషన్ అయింది.

"ఒరే, అవి వెనక్కి వాలుతున్నాయిరా."

"వాలేలాగే చేశానమ్మా. నిటారుగా ఉంటే ముందుకి పడతాయి."

కాసేపటికి మళ్ళీ. "ఇందాకటి కంటే వాలాయి." బావ ఆవిడ ముందుకెళ్ళి మూడు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. "మూడు. అవి మాత్రం వాలుతున్నాయి." ఇక లాభం లేదని ఆయన అక్కడికక్కడే కళ్ళ డాక్టరు దగ్గర మర్నాటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అత్తయ్య పట్టించుకోలేదు, "ఆ పొడుగుదాని తల ఇందాక కర్టెన్‌లో పైనుంచి రెండో పువ్వు దగ్గరుంది, ఇప్పుడు మూడో పువ్వుకి దిగింది" అని చెప్పి మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

మేం భోజనాలకి కూర్చున్నాం. పప్పు వడ్డిస్తుండగా హాల్లోంచి, "అయిదో పువ్వు" అని వినిపించింది. ఎవరం లేవలేదు. ఆ వెంటనే నాలుగు గిటార్ల తీగలన్నీ ఒక్కసారిగా మోగాయి. శ్రుతిలో లేని ఇరవై రెండు తీగలు అలా కలిసి మోగడం నేను మళ్ళీ వినదలచుకోలేదు.

వెల్లకిలా పడిన గిటార్‌కి ముందు దెబ్బ తగిలేది తలకే, నాదానిలాగా తల వెనక్కి వంగి ఉన్న రకమైతే మెడ దగ్గర విరిగిపోతుంది కూడా. అదృష్టం బాగుండి వెనకాల అత్తయ్య పరుపు చుట్టి పెట్టి ఉంది, తలలన్నీ దాని మీద పడ్డాయి. గివ్సన్‌కి ఒక తీగ తెగింది, అంతే. దాని యజమాని వాయించే ముక్కకి ఆ తీగ అవసరం లేదు.

మర్నాడు అక్క ప్లంబర్‌ని పిలిచింది. అతను స్టాండు చుట్టూ తిరిగి చూసి, బావనే అడిగాడు, "దీనికి లైను ఎక్కడ్నుంచి ఇచ్చారు సార్?" గిటార్ల కోసం అని చెబితే ఏమీ అనలేదు, ఒక్కో టీకి అడ్డంగా రెండు స్క్రూలు బిగించాడు, వెళ్తూ వెళ్తూ వంటింట్లో ఎప్పట్నుంచో కారుతున్న కొళాయి కూడా చూశాడు. బావ చేత అవ్వదని ఆ కొళాయి సంగతి అక్క ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదట.

అప్పుడే కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, సాయంత్రం వస్తున్నారా అని. బావ క్యాన్సిల్ చెయ్యబోతుంటే అత్తయ్య, "ఎందుకురా, వస్తున్నామని చెప్పు. పేరొక్కటి మార్పించి నీది రాయించుకో" అంది.