ఉసిరి చెట్టు కింద ఉచ్చు

కార్తీకంలో మనం వనభోజనాలకు ఉసిరి నీడ వెతుక్కుంటాం. కాయలు పండి రాలడం మొదలయ్యాక నల్లమల అంచున అదే నీడను వేటగాళ్లు వెతుక్కుంటారు. చుక్కల దుప్పికి ఉసిరంటే ప్రాణం. కాయ మింగేసి, తర్వాత తీరిగ్గా నెమరేస్తూ గింజను ఉమ్మేస్తుంది. చెట్టుకు దూరంగా గట్టి గింజలు గుంపుగా పడి ఉన్నాయంటే అక్కడ దుప్పులు పడుకుని లేచినట్టే. ఆనవాళ్లు తెలిసినవాడికి అది చాలు.

ఉసిరి అయిపోయాక ఎర మారుతుంది: ఫాల్గుణ చైత్రాల్లో ఇప్పపువ్వు, ఎండలు ముదిరితే ఉప్పు. రాలింది చాలకపోతే కాయల కొమ్మే నరికి పడేస్తారు, రాళ్ల ఉప్పు తెచ్చి మట్టిలో కలుపుతారు. రుచి మరిగిన జంతువు రోజూ ఒకే దారిన వస్తుంది. ఆ దారిలో బైకు క్లచ్ తీగతో ఉచ్చు బిగిస్తే నాటు తుపాకీతో కూడా పని లేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 2వ సెక్షన్ ప్రకారం ఎర వేయడమూ వేటే, వేయబోవడమూ వేటే. అభయారణ్యంలో అయితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు. మాంసం దొరికాక పెట్టే కేసు దుప్పిని బతికించదు. కాబట్టి ప్రతి బీటులో, అంటే ఒక్కో గార్డు కాపలా కాసే అడవి ముక్కలో, ఊళ్లకు దగ్గరగా ఉన్న ఉసిరి, ఇప్ప, తాని చెట్లను మ్యాపులో గుర్తించి, కాయ రాలే నెలల్లో తెల్లవారుజామునే గస్తీ అక్కడికి చేరాలి. కత్తివేటు పచ్చిగా ఉన్న కొమ్మలు, కొత్తగా దిగేసిన మేకులు, ఖాళీ ఉప్పు సంచులు చూడాలి. ఆకుల కింద తీగ కంటికి ఆనదు, మెటల్ డిటెక్టర్ కావాలి.

అటవీశాఖ పెట్టే ఉప్పు గడ్డలు, నీటి తొట్ల సంగతీ చెప్పాలి. ట్యాంకర్ వెళ్లడానికి వీలని రోడ్డు పక్కనే పెడితే, వేటగాడి పని ప్రభుత్వమే సగం చేసిపెట్టినట్టు. వాటిని లోపలికి, కరెంటు తీగలకు దూరంగా జరపాలి.

గుంటూరు, విజయవాడల నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవారు కారు ఆపి అన్నం, బ్రెడ్డు వేస్తుంటారు. పుణ్యమనుకుంటారు పాపం! దుప్పి పొట్టలోని సూక్ష్మజీవులు ఆకుకు, గడ్డికి అలవాటుపడినవి. కొత్త మేతకు సర్దుకోవడానికి వాటికి రెండు మూడు వారాలు పడుతుంది. ఒక్కసారిగా పిండిపదార్థం ఎక్కువైతే లోపల ఆమ్లం పెరిగి, మేత మానేసి, పారుకుని చచ్చిపోవచ్చు. బతికినా కారు చప్పుడుకు బెదరడం మానేస్తుంది, రాత్రి వచ్చే కారు ఎవరిదో దానికి తెలియదు. మిగిలిన పులిహోర డబ్బాలోనే ఇంటికి తెచ్చుకోండి.