మద్రాసు సభా క్యాంటీన్ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సభా క్యాంటీన్ గారి సముఖమునకు,

డిసెంబరు కచేరీల రోజుల్లో మద్రాసు సంగీత సభల్లో, అంటే కచేరీలు పెట్టే సంస్థల్లో, శ్రోతలకు టిఫినూ కాఫీ పెట్టేది మీరే. 2017లో యునెస్కో వారు చెన్నైని సంగీత నగరంగా గుర్తించారు. అందులో మీ సాంబారు వాటా ఎంతో మాత్రం తేల్చలేదు. ఇది అన్యాయం.

1855లో తంజావూరును కుంపిణీవాళ్లు కలిపేసుకున్నాక విద్వాంసులు కొత్త పోషకుల్ని వెతుక్కుంటూ మద్రాసు చేరారు. అక్కడ రాజుగారి బదులు టికెట్టు కొనే వకీళ్లు, గుమాస్తాలు దొరికారు. 1927 కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సభలోంచి మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది. రాజుగారికి ఆకలేస్తే అంతఃపురం ఉంది. వకీలుగారికి మీరే దిక్కు.

మీ ప్రతాపం చూడాలంటే తని ఆవర్తనం వేళ, అంటే పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే వేళ, చూడాలి. మృదంగం ఆయన చెమటలు కక్కుతూ లెక్కలు కడుతుంటాడు. సగం హాలు లేచి బయట కాఫీ క్యూలో ఎంతమంది ఉన్నారో లెక్క కడుతుంటుంది. ఆయన లెక్క ముగించి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వచ్చేలోపు వీళ్లు రెండో వడ దగ్గరికి వచ్చేస్తారు. అయినా మళ్లీ హాల్లోకే వెళతారు చూడండి, అదీ మీ గొప్ప!

మా సంగతీ వినండి. త్యాగయ్య భాష మాది. విజయనగరంలో 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్నాం. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అక్కడ చదివిన ఘంటసాల మద్రాసు రైలెక్కారు. విజయవాడ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్‌గా చేసిన బాలమురళీ చివరికి మీ ఊరే చేరారు. పండించడం మా వంతు, వడ్డించడం మీ వంతు.

ఎందుకంటారా? కచేరీకి టికెట్టు కొనడమంటే మాకు నామోషీ. పాసు ఇస్తే ఆలోచిస్తాం. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తారు, ఆయన ప్రసంగం, ఆయనకు శాలువా, శాలువా కప్పినవారికి ఇంకో శాలువా. ఈలోపు వయొలిన్ శ్రుతి దిగిపోతుంది. పాట మొదలయ్యేసరికి ఆఖరి బస్సు టెన్షన్.

కాబట్టి మనవి. ఒక్క డిసెంబరు విజయనగరం దయచేయండి. గంటస్తంభం దగ్గర జాగా మేం చూస్తాం. టికెట్టు కొన్నవారికే కాఫీ అని బోర్డు పెట్టండి. తని ఆవర్తనం అయ్యేదాకా షట్టరు ఎత్తకండి.

ఇట్లు,
టికెట్టు కొనడానికి సిద్ధంగా ఉన్న ఒక తెలుగువాడు

తా.క.: ముఖ్య అతిథి గారిని అంతదూరం రప్పించి శ్రమ పెట్టొద్దు. ఇడ్లీ, శాలువా ఇంటికే పార్సిల్ చేయించండి.