ఎట్లా తెలిసిందో చెప్పే పుస్తకమే పిల్లలకు కావాలి

హన్మకొండలో పిల్లల కోసం పుస్తకం కొనడానికి వెళ్లిన తల్లిదండ్రులు ఎక్కువగా వెయ్యి ప్రశ్నల జనరల్ నాలెడ్జ్ సంకలనంతోనే ఇంటికి వస్తారు. ప్రశ్నలతో ఇల్లంతా హోరెత్తించే పిల్లలకు అంతకంటే చెడ్డ ఎంపిక మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

ఆ మధ్య తొమ్మిదేళ్ల మా మేనల్లుడు డైనోసార్ల పుస్తకంలో ఒక పచ్చటి బొమ్మ మీద వేలు పెట్టి, "మామా, బొక్కలే దొరికినయి గదా, రంగెట్ల తెలిసింది?" అని అడిగాడు. పుస్తకంలో జవాబు లేదు. కొన్ని ఈకల శిలాజాల్లో మిగిలిన సూక్ష్మమైన రంగు కణికల ఆకారాన్ని బట్టి కొన్ని డైనోసార్ల రంగును 2010 నుంచి అంచనా వేయగలుగుతున్నారనీ, తక్కినవాటికి వేసిన రంగులు చాలావరకు చిత్రకారుల ఊహేననీ రెండు వాక్యాలు రాసి ఉంటే వాడు ఆ పూటంతా ఆ పుస్తకాన్ని వదిలేవాడు కాదు.

పోటీ పరీక్షలకు సమాచారం అవసరమే కదా అనేవారున్నారు. అవసరమే, కానీ ఎలా తెలిసిందో అర్థమైన విషయాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

మన పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర ఒకే జాతికి చెందిన కనీసం 12 డైనోసార్ల ఎముకలు కలగలిసి దొరికాయి. 1988లో ఆ జాతికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ ఎముకలతో కూర్చిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. అయితే తవ్వకాల్లో పుర్రె దొరకలేదు, విడి పళ్లు రెండు మాత్రం దొరికాయి. ఇది చెప్పగానే మావాడు "మరి తలెట్ల పెట్టిన్రు?" అన్నాడు. అపరాధ పరిశోధన కథకు తీసిపోని ఈ సంగతిని మన పిల్లలకు తెలుగులో, బొమ్మలతో చెప్పే పుస్తకం కోసం ఎన్ని దుకాణాలు తిరిగినా నాకు దొరకలేదు. అమెరికా టైరానోసారస్ మాత్రం ప్రతి అట్ట మీదా కనిపిస్తుంది.

1904లోనే రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్న ఊరు మనది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. ఆ డబ్బులో కొంత ఇలాంటి పుస్తకాలు రాయించడానికి కేటాయించాలి. అచ్చుకు పంపే ముందు ప్రతిని నలుగురు పిల్లల చేతిలో పెట్టి, ఏ పేజీ దగ్గర ఆగి ప్రశ్న వేశారో రాసుకోవాలి. అచ్చయిన పుస్తకాలను తాళం వేసిన బీరువాలో కాకుండా, పిల్లల చేతికి అందే అరలో ఉంచాలి.