డాగ్‌వుడ్ దొరవారికి హన్మకొండ నుంచి జవాబు

డాగ్‌వుడ్ దొరవారి సముఖానికి,

హన్మకొండ, కాజీపేట, వరంగల్ పెరటి తోటల వాళ్లం రాసుకుంటున్న మనవి. అమెరికా అడవుల పూల చెట్టు అయిన తమరు మా ఇళ్లకు దయచేస్తారని ఆన్‌లైన్‌లో అమ్మే విత్తనాల పొట్లాల మీద చూశాం. ఆ ఫొటోలో తమరు నీలంగా ఉన్నారు. తమ వంశంలో తెలుపు, గులాబి, కొంత ఎరుపు తప్ప నీలం పుట్టలేదు. గులాబి రంగు చెట్టు గింజ నాటినా ఎక్కువగా తెలుపే వస్తుంది, రంగు నిలవాలంటే అంటు మొక్కే దిక్కు. ఇవన్నీ తెలిసి కూడా, దొరవారు వస్తానంటే కాదనడం మర్యాద కాదని తమ షరతులన్నీ చదివాం. మా దగ్గర ఏమున్నదో, ఏం లేదో దాచకుండా చెప్తున్నాం.

తమ హోదా మీద మాకు పేచీ లేదు. ఉత్తర అమెరికా తూర్పు అడవులు తమ జాగీరు. ఉత్తర కరొలైనాకు 1941 నుంచి రాష్ట్ర పుష్పం, మిస్సౌరీకి 1955 నుంచి రాష్ట్ర వృక్షం. టోక్యో 1912లో చెర్రీ మొక్కలు కానుకగా పంపితే, 1915లో అమెరికా బదులు కానుకగా పంపింది తమరినే. తమ కర్ర గట్టిది, పేడు లేవదు, వాడేకొద్దీ నున్నబడుతుంది. అందుకే ఒకప్పుడు బట్టల మిల్లులకు నాడెలు దాంతో చేసేవాళ్లు. ఈ ఒక్క గుణానికే మా కొత్తవాడ నేతగాళ్లు తమకు కుర్చీ వేస్తారు.

పూల సంగతిలో మాత్రం కొంచెం మాయ ఉన్నది. జనం మురిసే ఆ నాలుగు రేకులు రేకులే కావు, రంగు తిరిగిన పుచ్ఛాలు, అంటే పూల అడుగున ఉండే ఆకులు. అసలు పూలు వాటి నడుమ గుత్తిగా, పచ్చపచ్చగా, ఎవరి కంటా పడకుండా ఉంటాయి. మా కాంపౌండ్ గోడల మీద కాగితం పూల చెట్టు చేసేదీ ఇదే పని. కాకపోతే అది నీళ్లు మరిచిపోయిన ఇంట్లో ఇంకా బాగా పూస్తుంది.

ఇక షరతులు. మొదటిది చలి. తమ పూమొగ్గలు ముందు ఏడాది ఎండకాలంలోనే కట్టి, చలికాలమంతా గుండీల్లాగా కొమ్మల కొసన కూర్చుంటాయి. అవి సరిగా విచ్చుకోవాలంటే దాదాపు 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. మా దగ్గర జనవరి రాత్రి 10 డిగ్రీలకు దిగితే ఇగం పెడుతున్నదని పేపర్లో వార్త వస్తుంది. ఆదిలాబాద్ దిక్కు కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకు పడిపోయిన మాట నిజమే, కానీ తెల్లారి పది దాటితే అక్కడా స్వెటర్ విప్పాల్సిందే. చలి చాలని చెట్టు చచ్చిపోదు, అదే చిక్కు. ఆలస్యంగా, అక్కడొకటి ఇక్కడొకటి ఆకు వేస్తుంది, మొగ్గ ఎండి రాలుతుంది, ఏటేటా చిక్కిపోతుంది. యజమాని మాత్రం ఎరువు తక్కువైందేమోనని యూరియా వేస్తూ పోతాడు.

చలి కొరతను ఫ్రిజ్‌తో తీర్చే మేధావులు మా వాడల్లో లేకపోలేదు. విత్తనం వరకు ఆ పద్ధతి సరైనదే. ఎర్రటి పండు గుజ్జు పూర్తిగా కడగాలి, ఎందుకంటే మొలకను ఆపే గుణం ఆ గుజ్జులోనే ఉంటుంది. గింజల్ని తడిపి గట్టిగా పిండిన కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పొట్టులో కలిపి, మూత ఉన్న సంచిలో వేసి, ఫ్రిజ్ కింది అరలో 4, 5 డిగ్రీల దగ్గర 90 నుంచి 120 రోజులు ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు. బూజు పట్టిందా, తడి ఆరిందా అని వారం పది రోజులకోసారి చూడాలి. నడుమ ఎండిపోతే అప్పటిదాకా పడ్డ పాటు వృథా. ఆ తర్వాత ఒక సెంటీమీటరు లోతున విత్తుకోవాలి. అక్టోబర్‌లో పెట్టినవాళ్ల గింజ ఫిబ్రవరిలో మొలిచి, మేలో మాడుతుంది. ఫిబ్రవరిలో పెట్టి మృగశిరకు తీసేవాళ్లకు మొదటి ఎండకాలం తప్పుతుంది, రెండోది తప్పదు. పైగా గింజ చెట్టు పూయడానికి ఐదారేళ్లయినా పడుతుంది, ఏటా చలికాలం కావాలి. గింజ పట్టినట్టు ఫ్రిజ్‌లో చెట్టు పట్టదు కదా దొరా.

రెండోది ఎండ. పెద్ద చెట్ల నీడన పెరిగిన దేహం తమది, పొద్దటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ కావాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ నీడను మేము ఎక్కడినుంచి తెచ్చేది? సగం ఎండను ఆపే షేడ్‌నెట్ కడితే వెలుతురు తగ్గుతుంది గానీ గాలిలోని సెగ తగ్గదు. మే నెల రాత్రి కూడా 28 డిగ్రీలుంటే, ఆకు పగలు చేసుకున్న తిండి రాత్రి ఊపిరికే ఖర్చవుతుంది. తమ వేర్లు పైపైనే పాకుతాయి, అవి ముందు ఎండుతాయి. ఆకు అంచులు గోధుమ రంగుకు తిరిగాయంటే కబురు అందినట్టే.

మూడోది మట్టి, నీళ్లు. తమకు పులుపు నేల, పీహెచ్ 5.5 నుంచి 6.5 దాకా. మా నల్లరేగడి 8కి అటూ ఇటూ ఉంటుంది. ఎర్ర చెల్క కొంత నయం, కానీ పోసేది బోరు నీళ్లు. అందులోని సున్నం, బైకార్బొనేట్లు పోసిన ప్రతిసారీ నేలను క్షార గుణం వైపు లాగుతాయి. ఇనుము మట్టిలో ఉండి కూడా వేరుకు అందదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు పడుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం కొడితే ఆకు పచ్చబడుతుంది. కొత్త ఆకు మళ్లీ పసుపే. గంధకం వేసి నేలను మార్చడానికి నెలలు పడుతుంది, దాన్ని చెడగొట్టడానికి మోటరు స్విచ్ చాలు.

గుంత విషయంలో తప్పు మాదే, ఒప్పుకోవాలి. మూడడుగులు తవ్వి, తట్టలకొద్దీ పెంట ఎరువు నింపి, మొక్కను మెడ దాకా పూడ్చడం మా ఆనవాయితీ. తమకు వేరుముద్ద కంటే రెండు మూడింతలు వెడల్పు కావాలి, లోతు మాత్రం ముద్దంతే. కాండం వేర్లుగా విచ్చుకునే చోటు మట్టిపైన కనబడాలి. ఆకుచెత్త 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం పరిచి, కాండానికి జానెడు దూరం వదలాలి. లేదంటే వానకాలంలో మొదలు కుళ్లుతుంది. గడ్డి కోసే మిషన్ బెరడుకు తగిలితే ఆ గాయంలోంచి తొలుచు పురుగు దూరుతుంది.

ఇంత విన్నాక కూడా వస్తానంటారేమో, అందుకే కుటుంబ విషయం ఒకటి బయటపెడుతున్నాం. పూల మొక్కలను కుటుంబాలుగా విడదీసే 2016 నాటి ఏపీజీ వర్గీకరణలో తమ కార్నేసీ కుటుంబంలో మిగిలిన ప్రజాతులు రెండే. ఒకటి తమది, రెండోది అలాంజియం. ఆ రెండో ఇంటి బిడ్డ ఊడుగ మా తెలంగాణ అడవుల్లో, చెల్క గట్ల మీద ఎవరి పోషణా లేకుండా బతుకుతున్నది. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి తెల్లగా పూస్తుంది. వాసన కూడా ఉన్నది, అది తమకు లేదని చెప్పడం మర్యాద కాకున్నా నిజం. బంధుత్వం మరిచిపోయిన దొరలు మాకు కొత్త కాదు లెండి.

కనుక ఆ గుంతలో ఊడుగను పెడుతున్నాం. పండిన కాయల గుజ్జు తీసి తాజా గింజను వెంటనే కవర్లలో విత్తి, వానలు పట్టాక నేలలోకి మారుస్తాం. చెల్క మట్టి చాలు, ఎరువు ఒక తట్ట. మొదటి రెండు ఎండకాలాలు వారానికోసారి నీళ్లు, ఆ తర్వాత దాని పాట్లు అదే పడుతుంది. లేత కొమ్మలకు ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారి నుంచి ఆరడుగులు జరపాలి. చోటు లేనివాళ్లకు నందివర్ధనం ఉండనే ఉన్నది, సగం నీడలోనూ తెల్లగా పూస్తుంది.

తమ పొట్లాలు ఇంకా ఫ్రిజ్‌లో దాచుకున్న ఇళ్లకు కబురు పెట్టాం. ఆ కోకోపీట్ పారేయొద్దు, నందివర్ధనం కుండీలోకి పనికొస్తుంది.

ఇట్లు,
బోరు నీళ్ల మీద బతికే తోటల వాళ్లు, హన్మకొండ